వారంటీ వర్తించని డాక్టరు గారు

డాక్టర్ పెచ్చెట్టి సత్యవేణి కారు ఒక మంగళవారం పొద్దున్నే వెనక్కి వెళ్ళడం మానేసింది. ముందుకు మాత్రం బ్రహ్మాండంగా వెళుతోంది.

సత్యవేణి పశువుల డాక్టరు. కోనసీమలో గోదావరి పాయల మధ్యనున్న ఏడు లంక గ్రామాల్లో గేదెకి జ్వరమొచ్చినా, ఆవు మేత మానేసినా, మేకపోతు ప్లాస్టిక్ సంచి మింగినా ఫోను ఆవిడకే వస్తుంది. ఆ ఊళ్ళకి వెళ్ళే దారులన్నీ కాలవ గట్లే. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క చేలు, మధ్యలో ఒక్క బండి పట్టేంత చోటు. ఎదురుగా ఇంకో బండి వచ్చిందంటే ఇద్దరిలో ఒకరు వెనక్కి వెళ్ళాలి. ఎవరు వెళ్ళాలన్నది ఆ ప్రాంతంలో ఎప్పుడో తేలిపోయిన విషయం. కారు వెళ్ళాలి. కొబ్బరికాయల లోడుతో ఉన్న ట్రాక్టరు వెళ్ళదు.

ఆ మంగళవారం ఎదురొచ్చింది అలాంటి ట్రాక్టరే. సత్యవేణి గేరు రాడ్డు మీదున్న రింగు పైకి లాగి రివర్స్ వేసింది. పడలేదు. మళ్ళీ వేసింది. మళ్ళీ పడలేదు. మూడోసారి వేస్తే కారు ముందుకు దూకి, ట్రాక్టరుకి జానెడు దూరంలో ఆగింది.

"ఏవండీ డాక్టరు గారూ, ఎనక్కెళ్ళండి మరి!" అని ట్రాక్టరు డ్రైవరు కేకేశాడు.

"వెళ్ళట్లేదయ్యా!"

"ఎందుకెళ్ళరండీ? మీరంటే గౌరవం కాబట్టి అడుగుతున్నానండి నేను," అని అతను నొచ్చుకున్నాడు.

పక్క సీట్లో ఉన్న బుల్లియ్య దిగాడు. బుల్లియ్య ఆస్పత్రిలో అటెండరు. వయసు యాభై రెండు. బెదిరిన ఎద్దుని కొమ్ములు పట్టుకుని నిలబెట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయన తరవాతే ఎవరైనా. పంచె ఎగ్గట్టి, బానెట్ మీద రెండు చేతులూ ఆన్చి, కారుని రెండు ఫర్లాంగులు వెనక్కి తోశాడు. సత్యవేణి లోపల కూర్చుని మెడ వెనక్కి తిప్పి స్టీరింగు పట్టుకుంది. ట్రాక్టరు వాళ్ళ వెనకే తాపీగా వచ్చింది.

సాయంత్రం దారిలో మెకానిక్ మస్తాన్ షెడ్డు దగ్గర ఆపింది. మస్తాన్ రింగు పైకీ కిందకీ ఆడించి చూశాడు.

"దీని కింద సన్న తీగ ఒకటుంటాదండి. అది తెగింది. అరగంట పని. కానీ నేను ముట్టుకుంటే మీ వారంటీ పోద్దండి. గేరుబాక్సు, ఇంజను, ఏసీ, మొత్తం పోద్ది. కొని ఏడాదన్నా కాలేదు, అయిదేళ్ళ వారంటీ ఉంది. షోరూముకెళ్ళండి. నవ్వుతా ఏసిస్తారు."

మస్తాన్ మంచి ఉద్దేశంతోనే అన్నాడు.

*

కారు విహంగ కంపెనీ వారి 'హంసిని'. షోరూము రాజమండ్రి బైపాస్ మీద ఉంది. అద్దాల గోడలు, లోపల ఊదొత్తుల వాసన, గోడ మీద 'మీ ఆనందమే మా ఇంధనం' అని ఆరడుగుల అక్షరాలు. కస్టమర్ ఆనందాధికారి తటవర్తి ఫణికుమార్ ఎదురొచ్చి, సత్యవేణికీ బుల్లియ్యకీ చెరో కాఫీ ఇప్పించి, కష్టమంతా విని, నిజంగానే బాధపడ్డాడు.

"చిన్న పనండి. ఒక్క సంతకం కావాలంతే. మా వారంటీ పరిరక్షణాధికారి గారు ఒకసారి చూస్తారు."

వారంటీ పరిరక్షణాధికారి శేషాద్రినాథం సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. చేతిలో టార్చిలైటు, పట్టకారు, ప్లాస్టిక్ సంచీలు. ఆయన కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, ముందు బంపరు దగ్గర ఆగాడు.

"ఇదేమిటి?"

"నిమ్మకాయ, పచ్చిమిరపకాయలండి. మా అత్తగారు శనివారం శనివారం కడతారు."

"కంపెనీ అమర్చిందా?"

"కంపెనీ నిమ్మకాయలు అమ్మదు కదండీ."

"అమ్మదు," అంటూ రాసుకున్నాడాయన. "వినియోగదారు అంగీకరించడం జరిగింది." పట్టకారుతో ఆ దండని తీసి ప్లాస్టిక్ సంచీలో వేసి, సంచీ మీద తేదీ వేశాడు.

తనిఖీ గంటన్నర పట్టింది. ఆ తరవాత శేషాద్రినాథం నిలబడి నివేదిక చదివాడు. ఆయన కూర్చుని చదవడట.

"సదరు వాహనంలో పదకొండు అనధికార మార్పులు గుర్తించడం జరిగింది. ఒకటి, ముందు భాగమున వృక్షజాతికి చెందిన వేలాడు ఉపకరణము. రెండు, డాష్‌బోర్డు మీద గజముఖాకృతి గల ఇత్తడి వస్తువు, బరువు నూట నలభై గ్రాములు. మూడు, చోదకుని ఆసనంపై టర్కీ తువాలు. నాలుగు, వెనుక అరలో మంచు నింపిన పెట్టె..."

"అందులో టీకా మందులుంటాయండి. ఐసు లేకపోతే పాడైపోతాయి."

"పాడవుట మందుల వారంటీకి సంబంధించిన విషయం మేడమ్. అయిదు, పశుసంబంధిత తాడు. ఆరు..."

పదకొండూ చదివాడు. వెనక అద్దం మీద అతికించిన 'పశువైద్య సేవ' అన్న స్టిక్కరు పదకొండోది.

"ఇంతకీ రివర్స్ గేరుకీ, తువాలుకీ ఏమిటండీ సంబంధం?" అని అడిగింది సత్యవేణి.

"సంబంధం ఉందని మేము అనలేదు. లేదని మీరు నిరూపించాలి."

సత్యవేణి ఫణికుమార్ వైపు చూసింది. ఫణికుమార్ గోడ మీద అక్షరాల వైపు చూశాడు.

శేషాద్రినాథం గొంతు కొంచెం మెత్తబడింది. ఆయన దుర్మార్గుడు కాదు. నియమం అంటే ప్రేమ, అంతే. "సూత్రం చాలా సులభం మేడమ్. కర్మాగారం గేటు దాటిన క్షణాన వాహనంలో లేనిది ఏదైనా సరే, ఆఫ్టర్ మార్కెట్. అది తొలగించి రండి. వాహనం తన సహజ స్థితిలో ఉండాలి. అప్పుడు దాని కష్టం మా కష్టం."

*

ఇంటికెళ్ళి అన్నీ తీసేసింది. అత్తగారు వీరరాఘవమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ, "నిమ్మకాయ తీసేస్తారా? ఇప్పుడు గేరే కదా పోయింది. రేపు చక్రాలు ఊడిపోతే ఎవర్నడుగుతావే?" అంది.

"చక్రాలకి వారంటీ ఉందత్తయ్యా."

"ఆ ఉన్నదేదో కనబళ్ళేదుగా మరి," అని ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

రెండోసారి షోరూముకి వెళ్ళేటప్పుడు కారులో ఏమీ లేదు. తుడిచిన పలకలా ఉంది. టీకా పెట్టెని బుల్లియ్య బస్సులో పంపించాడు. శేషాద్రినాథం ముఖం వికసించింది. ఎంతో ఆదరంగా తనిఖీ మొదలుపెట్టి, టైరు దగ్గర కూర్చుని, గాలి కొలిచే పరికరం పెట్టి, తల పైకెత్తాడు.

"ఈ గాలి ఎక్కడిది?"

"పెట్రోలు బంకులోదండి."

"కర్మాగారంలో నింపిన గాలి ఏమైంది?"

"అయిపోయిందండి."

"ఎవరి అనుమతితో?"

ఫణికుమార్ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "సార్, గాలంటే మరి... అందరూ బంకులోనే..."

"ఫణికుమార్ గారూ, ఇవాళ గాలిని ఒప్పుకుంటే రేపు చక్రాన్ని ఒప్పుకోవాలి. ఎల్లుండి ఎద్దుని కట్టుకొచ్చి ఇదే ఇంజనంటారు. అప్పుడు మీరూ నేనూ ఏం చేస్తాం?"

ఆయన రాసుకుంటూ పోయాడు. సీటు మూడు మెట్లు ముందుకి జరిగింది. అద్దం కిందకి వంగింది. అద్దం తుడిచే నీళ్ళలో గోదావరి ఒండ్రు ఉంది. ఆఖరున బానెట్ మీద టార్చి వేసి చాలాసేపు చూశాడు. రెండు పెద్ద అరచేతుల ముద్రలు పడి ఉన్నాయి.

"ఈ చేతులు ఎవరివి?"

"నావేనండి," అన్నాడు బుల్లియ్య, కొంచెం గర్వంగానే. "రివర్స్ నేనే కదండీ."

"అంటే?"

"ఎనక్కెళ్ళాలంటే నేను దిగి తోస్తానండి. రోజుకో పది పన్నెండు సార్లు. గట్టు ఎత్తుగా ఉంటే ఇంకొకళ్ళు సాయం పడతారు."

శేషాద్రినాథం కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. తరవాత రాస్తూ రాస్తూ బిగ్గరగా చదివాడు. "వాహనమునకు రివర్స్ గేరు స్థానమున బుల్లియ్య అను ప్రత్యామ్నాయ పరికరము వినియోగించుట గుర్తించడమైనది. సదరు బుల్లియ్య విహంగ జెన్యూన్ పార్టు కాదు."

బుల్లియ్య ముఖం ఎర్రబడింది. "జెన్యూన్ కాదంటాడేంటండీ నన్ను? ముప్పయ్యేళ్ళ సర్వీసండి నాది. ఒక్క మెమో లేదు."

"వ్యక్తిగతంగా తీసుకోవద్దు," అన్నాడు శేషాద్రినాథం. అక్కడికక్కడే ఒక సర్క్యులరు తెప్పించి చూపించాడు. జోనల్ ఆఫీసు నుంచి వచ్చిందది. కింద జోనల్ అధిపతి గుణరంజన్ గారి సంతకం, పక్కన నీలం ముద్ర. 'వారంటీలో ఉన్న వాహనము తన స్వశక్తితో తప్ప అన్యశక్తితో కదలరాదు. మనుషులు నెట్టినను, తాడుతో లాగినను, క్రేనుతో ఎత్తినను వారంటీ సంపూర్ణముగా రద్దగును.'

"మరి వెనక్కి ఎలా వెళ్ళాలండీ?" అని అడిగింది సత్యవేణి.

"వెళ్ళకూడదని కాదు మేడమ్. తోయకూడదని."

*

ఆ మరుసటి వారమంతా సత్యవేణి వెనక్కి వెళ్ళకుండా బతికింది. వెళ్ళిన దారిన తిరిగి రావడం మానేసింది. రెండు కిలోమీటర్లలో ఉన్న ఊరికి పంతొమ్మిది కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్ళింది. కారు ఎక్కడ ఆపాలన్నా ముందుగా, ఎలా బయటపడాలా అని ఆలోచించింది. ఇంటి ముందు కారు గుమ్మానికి అడ్డంగా ఆగితే, సరిగ్గా పెట్టడానికి వీధి చివర రచ్చబండ చుట్టూ తిప్పి తెచ్చింది. అవతలి లంక ఊరి వాళ్ళు డాక్టరు గారి కారు తిరగడానికి వీలుగా గడ్డివాము జరిపి ఇచ్చారు. ఇంకో ఊళ్ళో సర్పంచి, డాక్టరు గారు గట్టెక్కితే ఎవరూ ట్రాక్టరు ఎక్కించొద్దని మైకులో చెప్పించాడు. రెండు రోజులు విన్నారు. మూడో రోజున ఎవరి పని వాళ్ళదే అయింది.

శుక్రవారం మధ్యాహ్నం గంగరాజు అనే రైతు ఫోను చేశాడు. ఆయన గేదె ఈనడానికి పొద్దుటి నించీ అవస్థ పడుతోంది. దూడ కాలు ఒక్కటే బయటికొచ్చింది, రెండో కాలు లోపల మడతపడింది. గంగరాజుకి ఉన్నది ఆ ఒక్క గేదే. ఆ రోజు బుల్లియ్య కూతురికి పరీక్ష, సెలవు పెట్టాడు. సత్యవేణి ఒక్కతే బయల్దేరింది. సగం గట్టు మీద ఇటుకల లారీ ఎదురొచ్చింది.

"ఎనక్కి తియ్యండి మేడమ్!"

వెనక్కి లేదు. లారీ వెళ్ళదు. నలుగురు కూలీలు దిగి, తోస్తామన్నారు. సత్యవేణి ఒక్క క్షణం సర్క్యులరు గుర్తు తెచ్చుకుంది. ఆ ఒక్క క్షణానికి తన మీద తనకే ఒళ్ళు మండింది. గంటలో ఈనకపోతే చచ్చిపోయే గేదె అక్కడుంటే, ఇక్కడ గట్టు మీద నిలబడి వారంటీ సంగతి ఆలోచిస్తోంది తను!

"ఏమైనా చేసుకోండయ్యా దాన్ని!" అని తాళం వాళ్ళ చేతిలో పెట్టి, మందుల సంచి భుజానికి తగిలించుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. కిలోమీటరున్నర బురద. వెళ్ళేసరికి గేదె పక్కకి పడిపోయి ఉంది. గంగరాజు దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సత్యవేణి భుజం దాకా చెయ్యి పెట్టి, దూడని వెనక్కి నెట్టి, మడతపడిన కాలు సరిచేసి లాగింది. దూడ బయటికొచ్చింది కానీ కదల్లేదు. గడ్డితో ఒళ్ళంతా రుద్ది, ముక్కులో పుల్ల పెట్టి తిప్పితే, చాలాసేపటికి తుమ్మింది. అప్పుడు గంగరాజు ఏడ్చాడు. సత్యవేణికి కూడా ఏడుపొచ్చింది కానీ, చేతులు కడుక్కునే పని పెట్టుకుంది.

"లోపల్నించి ఎనక్కి నెట్టాకే కదండీ ముందుకొచ్చింది అది," అన్నాడు గంగరాజు కళ్ళు తుడుచుకుంటూ.

తిరిగి వచ్చేసరికి కారు గట్టు పక్కన దిగువలో భద్రంగా ఉంది. బానెట్ మీద నాలుగు జతల చేతులు. ఆ ముద్రల వైపు చూస్తూ సత్యవేణి ఒక నిర్ణయానికి వచ్చింది. ఇక మీదట షోరూము వాళ్ళు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కూడా తప్పకూడదు.

*

వారంటీ సమన్వయ సంఘం ముందు హాజరు కమ్మని సోమవారానికి కబురొచ్చింది. పెద్ద బల్ల, మూడు కుర్చీలు, మధ్యలో బిస్కెట్లు. శేషాద్రినాథం కార్యదర్శి. ఇంకా ఇద్దరు సభ్యులు, ఒకరు లావుగా, ఒకరు నిద్రగా. గది మూలన ఒక బరువు చూసే మెషీను.

"సదరు వాహనంలో కొనుగోలు అనంతరం చేరినవన్నీ తొలగించడం జరిగింది," అని శేషాద్రినాథం విన్నవించాడు. "గాలి కూడా మార్చడం జరిగింది. నీళ్ళు మార్చడం జరిగింది. సీటు కర్మాగార స్థానానికి తేవడం జరిగింది."

"అందుకే ఇవాళ క్లచ్చి అందక నానా అవస్థా పడొచ్చానండి," అంది సత్యవేణి.

"అదే మేడమ్, అదే!" అన్నాడు లావుపాటి సభ్యుడు ముందుకు వంగి. "అన్నీ తీసేసినా గేరు పడలేదంటే, తీయనిది ఇంకేదో ఉందన్నమాట. కొంచెం ఆ మెషీను ఎక్కుతారా?"

ఎక్కింది. డెబ్భై ఒకటి. ఎత్తు కొలిచారు. అయిదడుగుల ఒక అంగుళం.

"మా కర్మాగారంలో ఈ వాహనాన్ని పరీక్షించిన చోదకుడు," అని శేషాద్రినాథం ఫైలు తెరిచాడు, "అరవై రెండు కిలోలు. అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. మేడమ్, ఒక్క ప్రశ్న. వాహనం కర్మాగారం గేటు దాటిన క్షణాన మీరు అందులో ఉన్నారా?"

"లేనండి. ఆ టైముకి నేను ఏ గేదెకో సెలైను పెడుతుండి ఉంటాను."

"లేరు," అని ముగ్గురూ రాసుకున్నారు. నిద్రపోతున్న సభ్యుడు కూడా లేచి రాసుకున్నాడు.

తీర్మానం అక్కడే టైపు చేయించారు. 'యజమానురాలు డాక్టర్ పెచ్చెట్టి సత్యవేణి గారు వాహన నిర్మాణ సమయమున కంపెనీచే అమర్చబడినవారు కారు. కావున వారు ఆఫ్టర్ మార్కెట్ పరిధిలోకి వత్తురు. వారు కంపెనీ ఆవరణలో, ఏదేని పనిదినమున వాహనము నుండి స్వచ్ఛందముగా తొలగినచో, వాహనమునకు సంపూర్ణ వారంటీ పునరుద్ధరింపబడును.'

సత్యవేణి దాన్ని చదివింది. మామూలుగా ఆ గదిలో జనం ఈ సమయానికి కేకలేస్తారు. ఒకాయన బిస్కెట్లు విసిరాడట. ఈవిడ కుదురుగా అడిగింది.

"అంటే నేను తొలగితే కారు బాగుచేస్తారా?"

"తప్పకుండా మేడమ్. కారుకి పూర్తి వారంటీ ఉంది. మీకే లేదు."

"ఏ పనిదినమైనా పరవాలేదా?"

"తీర్మానంలో రాశాం కదా."

"ముద్ర వేసి మూడు కాపీలు ఇవ్వండి."

తీర్మానం కాపీ కోరిన మొదటి కస్టమరు ఆవిడే. శేషాద్రినాథం ఎంతో సంతోషించి, నాలుగు ఇచ్చాడు.

బయటికొస్తుంటే షోరూము ముందు పనివాళ్ళు నిచ్చెనలు వేసి బ్యానరు కడుతున్నారు. 'ఈ గురువారం ఉదయం పదకొండు గంటలకు, సరికొత్త మయూరి. ఆవిష్కర్త, జోనల్ అధిపతి శ్రీ గుణరంజన్ గారు.' సత్యవేణి ఆగి, బ్యానరు పూర్తిగా చదివి, బుల్లియ్యని అడిగింది.

"గురువారం పనిదినమేనా అండీ బుల్లియ్య గారూ?"

"ఎందుక్కాదండీ?"

"ఊరికే అడిగాను."

*

గురువారం పది గంటల నలభై నిమిషాలకి షోరూము పెళ్ళివారిల్లులా ఉంది. అరటిచెట్లు, బంతిపూల దండలు, నాదస్వరం వాళ్ళు. దారికి అడ్డంగా పట్టుకోవడానికి ఇద్దరమ్మాయిల చేతుల్లో ఎర్ర రిబ్బను. అద్దాల తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కొత్త కారు లోపలికెక్కాలి కాబట్టి మెట్ల స్థానంలో ఏటవాలు దారి వేశారు. కొత్త మయూరి పట్టుగుడ్డ కప్పుకుని రోడ్డు మీద లారీలో ఎదురుచూస్తోంది.

అప్పుడు హంసిని వచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను అలవాటు కొద్దీ సెల్యూట్ కొట్టాడు. సత్యవేణి ఏటవాలు దారి మీదుగా తిన్నగా పైకెక్కి, ద్వారంలో ఆపింది. కారు ముందు సగం షోరూములో, వెనక సగం బయట. ముందు జ్యోతి వెలిగించే కుందె, దాని వెనక వేదిక. అటు ఇటు సన్నటి మనిషి పక్కవాటుగా దూరేంత సందు. హ్యాండ్‌బ్రేకు వేసి, తాళం డాష్‌బోర్డు మీద పెట్టి, దిగింది. తీర్మానం కాపీ శేషాద్రినాథం చేతిలో పెట్టింది.

"తొలగానండి."

వెళ్ళి కస్టమర్ల సోఫాలో కూర్చుంది. బుల్లియ్య పక్కన కూర్చుని, కాఫీ ఇస్తారా అని అడిగాడు.

ఫణికుమార్ పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, మీకు దణ్ణం పెడతాను. ఇంకో ఇరవై నిమిషాల్లో జోనల్ సార్ వస్తారు. కొంచెం వెనక్కి తియ్యండి."

"వెనక్కి పోదు కదండీ. పోయినా నేను ముట్టుకోకూడదు. నేను తీసేసిన పార్టుని."

ఫణికుమార్ ఎనిమిది మంది సేల్స్ కుర్రాళ్ళని పిలిచాడు. వాళ్ళు టైలు భుజాల మీదకి వేసుకుని బానెట్ మీద చేతులు పెట్టారు. అంతలో శేషాద్రినాథం కారుకీ వాళ్ళకీ మధ్య దూరి, చేతులు బార్లా చాచి నిలబడ్డాడు.

"ఆగండి! ఈ వాహనానికి అయిదు నిమిషాల క్రితం సంపూర్ణ వారంటీ పునరుద్ధరించడం జరిగింది. తోస్తే పోతుంది. సర్క్యులరు ఉంది. నా కంఠంలో ప్రాణం ఉండగా దీని వారంటీ పోనివ్వను."

"సార్, తోయక్కర్లేదు. ఏటవాలు ఉంది. హ్యాండ్‌బ్రేకు తీస్తే దానంతటదే దిగిపోతుంది."

"ఏ శక్తితో?"

ఫణికుమార్ ఆలోచించాడు. "భూమ్యాకర్షణ శక్తితో సార్."

"అది విహంగ జెన్యూన్ శక్తా?"

అంతలో బయట నాదస్వరం మొదలైంది. గుణరంజన్ గారి కారు వచ్చేసింది. ఆయన దిగి, హారం వేయించుకుని, చిరునవ్వుతో ముందుకొచ్చి, రిబ్బను వెనక బురద కొట్టుకున్న ఒక బంపరు చూసి ఆగిపోయాడు.

"ఇది మయూరియా?"

"కాదు సార్. హంసిని. వారంటీ వాహనం సార్," అన్నాడు ఫణికుమార్. "కదలకూడదట సార్. సర్క్యులరుంది."

శేషాద్రినాథం సర్క్యులరు అందించాడు. గుణరంజన్ దాన్ని ఎండలో పట్టుకుని ఆసాంతం చదివాడు. "ఎవడయ్యా ఇది రాసిన మూర్ఖుడు?"

"తమరే సార్."

గుణరంజన్ కింద సంతకం చూసుకున్నాడు. కొంచెంసేపు నాదస్వరం వైపు చూశాడు. "భాష బాగుంది," అన్నాడు. "అసలు దీనికొచ్చిన కష్టమేమిటి?"

"రివర్స్ పడదు సార్."

"వారంటీ ఉందా?"

"సంపూర్ణంగా ఉంది సార్."

"మరి వేసి చావక?"

లోపల్నించి సర్వీసు మెకానిక్‌ని పిలిచారు. అతను నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చి, గేరు రాడ్డు చుట్టూ ఉన్న తోలు విప్పి చూశాడు. "ఇదేనా సార్? మొదటి రోజే చెప్పాను కదా, తీగ తెగిందని. నిమ్మకాయల సంగతి తేలే దాకా ముట్టుకోవద్దన్నారు." ఇరవై ఎనిమిది నిమిషాల్లో కొత్త తీగ వేసి బిగించాడు. అంతసేపూ జోనల్ అధిపతి హారంతో ఎండలో నిలబడ్డాడు. నాదస్వరం వాళ్ళు వాయించిందే మళ్ళీ వాయించారు.

పని అయ్యాక సత్యవేణి లేచింది. శేషాద్రినాథం ఇంకో కాగితం పట్టుకుని ఎదురొచ్చాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"మేడమ్, చెప్పడానికి బాధగా ఉంది. ఇప్పుడు వేసిన ఈ తీగ, వాహనం కర్మాగారం గేటు దాటిన క్షణాన అందులో లేదు."

"మీరే కదండీ వేసింది."

"మేమే. మా మెకానికే, మా తీగే. అయినా సూత్రం సూత్రమే." కాగితం అందించాడు. "ఈ మరమ్మతు కారణంగా సదరు వాహనం వారంటీ నేటితో రద్దు కావడం జరిగింది. ఇక్కడ సంతకం."

సత్యవేణి కాగితం రెండుసార్లు చదివింది.

"అంటే ఇక మీదట ఇందులో నేనేం పెట్టుకున్నా మీకు పట్టదు?"

"పట్టదు."

"ఎవరు తోసినా?"

"అది మీ ఇష్టం మేడమ్."

"నేను కూర్చున్నా?"

"కూర్చోవచ్చు," అన్నాడు శేషాద్రినాథం తల వంచుకుని.

సత్యవేణి సంతకం పెట్టి, కలం ఆయన జేబులోనే తగిలించింది. "ఎక్కండి బుల్లియ్య గారూ. ఇవాళ్టికి కారు మనదయింది."

సీటు మూడు మెట్లు ముందుకి లాక్కుంది. అద్దం కిందకి వంచుకుంది. రింగు పైకి లాగి రివర్స్ వేస్తే ఠక్కున పడింది. కారు ఏటవాలు మీద నెమ్మదిగా, హుందాగా వెనక్కి దిగసాగింది. అది చూసి, ఏదో కార్యక్రమం మొదలైందనుకుని నాదస్వరం వాళ్ళు ఉత్సాహంగా అందుకున్నారు. సేల్స్ కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎప్పటినించో కత్తెర చేతిలో పట్టుకుని నిలబడ్డ జోనల్ అధిపతి, చప్పట్లు వినబడగానే అలవాటుగా రిబ్బను కత్తిరించేశాడు.

కారు గేటు దాటి సర్వీసు రోడ్డు మీదకి వచ్చింది. ముందుకి తిప్పుకోవడానికి బోలెడంత చోటుంది. సత్యవేణి తిప్పలేదు. సీటు మీద చెయ్యి వేసి, మెడ వెనక్కి తిప్పి, వెనక్కే నడుపుతూ పోయింది. పళ్ళ బండి దాటింది, టైర్ల కొట్టు దాటింది, టీ కొట్టు దాటింది.

"మేడం గారండీ, ఇంక తిప్పొచ్చండి," అన్నాడు బుల్లియ్య.

"ఉండండి బుల్లియ్య గారూ," అంది సత్యవేణి. "ఇంకాస్త దూరం."